దిగుడు హనుమండ్లు

మా బెల్లంపల్లిలో సైకిల్ తొక్కేవాళ్లు చాలామందే ఉండేవారు గానీ, సైకిల్ దిగేవాడు మాత్రం హనుమండ్లు ఒక్కడే. వయసులో పెద్ద మనిషి ఎవరు ఎదురుపడినా అతను సైకిల్ దిగవలసిందే. దాన్ని అలవాటు అనడానికి వీల్లేదు. అలవాటైతే ఎప్పుడో ఒకప్పుడు మానుకోవచ్చు. తుమ్ము వస్తే ఎవడైనా ఆపుకోగలడా? హనుమండ్లు దిగుడు కూడా అంతే.

నా పేరు లింగమూర్తి. బొగ్గుబాయి, అంటే బొగ్గుగని, మీద హాజరు గుమస్తాను. సెకన్ల ముల్లున్న చేతిగడియారం ఆ రోజుల్లో మా కార్మికుల కాలనీ మొత్తానికి నాదొక్కటే. అందుకని 1951లో కాలనీ క్లబ్బు వాళ్లు సైకిల్ రేసు మొదలుపెట్టినప్పుడు, సమయం రాసే పని నాకు అప్పగించారు. నేను నవ్వించే మనిషిని కాను. చూసింది రాస్తాను, రాసింది చెరపను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా చేతిలో గడియారం పట్టుకుని చెబుతున్నట్టే లెక్క.

దిగడమంటే మీరు అనుకునే దిగడం కాదు. ముందు మూడుసార్లు గంట కొట్టేవాడు. తరువాత బ్రేకు. కాలు వెనక నుంచి తిప్పి దిగి, స్టాండు వేసి, సైకిల్ నిలబడిందో లేదో వెనక్కి జరిగి చూసేవాడు. ఆ తరువాత కిందికి వంగి కాన్వాస్ బూట్ల దారాలు విప్పేవాడు. బూట్లు పక్కన పెట్టి దండం పెట్టేవాడు. "బాగున్నవా బాపూ? మోకాలు నొప్పి తగ్గిందా? పెద్ద బిడ్డ కాన్పుకొచ్చిందట గద?" ఇవన్నీ అయ్యాక మళ్లీ బూట్లు, మళ్లీ దారాలు, మళ్లీ స్టాండు. నా గడియారం ప్రకారం, ఒక్కో పెద్దమనిషికి మూడు నిమిషాల పది సెకన్లు.

హనుమండ్లు పని బాయి మీద దీపాల గదిలో. షిఫ్టుకు దిగే వాళ్లకు దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం. ఇంటికీ దీపాల గదికీ మధ్య దూరం రెండు ఫర్లాంగులు. అతను ఇంటినుంచి గంట ముందు బయలుదేరేవాడు.

"గీయన సైకిల్ కొన్నప్పటిసంది నడిచిపోయేటోళ్ల కంటె ఎనుక వస్తుండు," అనేది అతని భార్య సరోజన. "అమ్మేసి ఒక మేకను కొను అంటె ఇనడు. మేకనన్న జర ముంగటికి నడుస్తది."

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. కాలనీలో అందరూ మేనేజరు బంగళా ముందు సైకిల్ దిగి నడిచేవాళ్లు. మేనేజరు ఊళ్లో లేకపోయినా దిగేవాళ్లు. హనుమండ్లు మాత్రం గేటు దగ్గర ఎవరూ లేకపోతే గంట కొట్టుకుంటూ సర్రున పోయేవాడు. అదే గేటు దగ్గర తోటమాలి తల్లి చీపురుతో నిలబడి ఉంటే, మూడు నిమిషాల పది సెకన్లు. ఇది పరధ్యానమనే నేను చాలాకాలం అనుకున్నాను.

అలాంటి మనిషి రేసులో పేరు ఇచ్చాడు.

రేసు ప్రతి ఏడూ జనవరి ఇరవయ్యారున. క్లబ్బు దగ్గర జెండా ఎగరేసి, ఏడు గంటలకు వదిలేవాళ్లం. మంచిర్యాల దాకా పోయి, అక్కడ గోదావరి ఒడ్డున సంతకం పెట్టి తిరిగి రావాలి. పోను పదమూడు మైళ్లు, రాను పదమూడు. గెలిచినవాడికి వెండిపూత కప్పు. ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని మళ్లీ ఇవ్వాలి. పోటీ వాళ్లంతా బరువు తగ్గించుకోవడానికి సైకిళ్ల మడ్‌గార్డులు, క్యారియర్లు, స్టాండ్లు ఊడదీసేవాళ్లు. హనుమండ్లు ఏదీ ఊడదీయలేదు.

"స్టాండన్న తియ్యి హనుమండ్లన్నా," అన్నాడు కొమురెల్లి.

"దిగినంక దేనిమీద నిలవెట్టాలె తమ్మీ?" అన్నాడు హనుమండ్లు.

కొమురెల్లి బాయిలో బొగ్గు కొట్టే పిల్లగాడు. బస్కీలు తీసిన ఒళ్లు, చురుకైన నోరు. క్లబ్బుకు కార్యదర్శి కూడా వాడే. మొదటి ఏడాది కప్పు వాడిదే. తరువాత కూడా చాలా ఏళ్లు వాడిదే.

హనుమండ్లు మాత్రం రేసుకు వారం ముందే వడ్లాయనను పిలిచి గోడకు కప్పు కోసం ఒక చెక్క గూడు కొట్టించాడు. కప్పు రాలేదు. గూడు ఖాళీగా ఎందుకని సరోజన దానిమీద ఉప్పు జాడీ పెట్టింది. 1951లో అతనిది పదిహేనో స్థానం. 1952లోనూ పదిహేనో స్థానమే. 1953లో ఇద్దరు జ్వరమొచ్చి రాలేదు కాబట్టి పదమూడో స్థానం. ఆ రోజు సరోజన బెల్లం పాశం వండింది.

అలాగని అతనికి కాళ్లల్లో బలం లేదనుకోకండి. బోథ్‌లో ఉన్న అక్కను చూడటానికి పొద్దున బయలుదేరితే, ఎక్కడో దూరాన ఉన్న ఆ ఊరికి చీకటి పడకముందే చేరే మనిషి. ఒకసారి కుతూహలం కొద్దీ అతన్నీ కొమురెల్లినీ కాలనీ రోడ్డు మీద ఒక మైలు తొక్కించి చూసి, కాగితం మీద రేసు దూరానికి లెక్క వేశాను. దిగిన సమయం తీసేసి తొక్కిన సమయం మాత్రమే చూస్తే, కొమురెల్లి కంటే హనుమండ్లు నాలుగు నిమిషాలు ముందున్నాడు. ఆ కాగితం చూపించగానే అతని కళ్లు తళతళలాడాయి.

"అయితే సారూ, నాకు కప్పు రాసిపెట్టి ఉన్నట్టేనా?"

"దిగకపోతే ఉన్నట్టే."

"దిగకుంట ఎట్ల సారూ?" అన్నాడు. మాట మధ్యలోనే కిందికి వంగి బూట్లు విప్పుతున్నాడు. నా వెనక ఎవరో ముసలాయన వస్తున్నాడన్నమాట.

సరే, దిగడం మానలేని మనిషికి త్వరగా దిగడమైనా నేర్పుదామని పూనుకున్నాను. రోజూ సాయంత్రం షిఫ్టు దిగాక క్వార్టర్ల ముందు సాధన. బూట్లకు దారాలు తీయించి రబ్బరు పట్టీ కుట్టించాను. కాన్పుల సంగతి, మోకాళ్ల సంగతి అడగకూడదని కట్టడి చేశాను. "బాగున్నవా" ఒక్కటే, జవాబు కోసం ఆగకూడదు. కాలనీలో ముసలివాళ్లందరూ వచ్చి, వరసగా మంచాలు వేసుకుని కూర్చునేవాళ్లు. హనుమండ్లు తమకోసం దిగుతుంటే వాళ్లకు గొప్ప కాలక్షేపం.

"లోకంల మొగోళ్లకు ఎక్కుడు నేర్పుతరు," అనేది సరోజన గడపలో నిలబడి. "మా ఇంటాయనకు దిగుడు నేర్పుతుండ్రు. గుమస్త సారు సదువుకున్నోడే. ఏం లాభం?"

మూడు నిమిషాల పది సెకన్లను మూడేళ్ల శ్రమతో నలభై సెకన్లకు తెచ్చాను. నా జీవితంలో నేను సాధించినవి తక్కువ. అందులో ఇదొకటి.

అయినా రేసులో అతను చివరికే వస్తున్నాడు. ఇది నా లెక్కకు అందలేదు. జనవరి చలిలో పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చే ముసలివాళ్లు ఎందరుంటారు? ఐదారుగురు ఉన్నా నాలుగు నిమిషాలు. అతను పావుగంట ఆలస్యంగా వస్తున్నాడు. నేనేమో క్లబ్బు ముందర ముగింపు గీత దగ్గర గడియారం పట్టుకుని కూర్చునేవాణ్ని. దారిలో ఏం జరుగుతుందో నాకు తెలియదు.

చెప్పింది కొమురెల్లే. 1957 రేసు అయిన తరువాత, క్లబ్బులో అందరి ముందూ చెప్పాడు.

మంచిర్యాల దారిలో సండ్రపల్లె అని ఒక ఊరుంది. రోడ్డు పక్కనే దొర గడి. గడి అంటే దొర కోటలాంటి ఇల్లు. నైజాం కాలంలో ఆ గడి ముందర ఎవరూ సైకిల్ ఎక్కి పోకూడదు. దిగాలి, చెప్పులు విడవాలి, గొడుగు ముడవాలి, తల వంచుకుని నలభై గజాలు నడవాలి. పోలీసు చర్య అయిన తరువాత దొర హైదరాబాదుకు వెళ్లిపోయాడు. గడికి తాళం పడింది. ఇప్పుడు దాని ముందునుంచి పసిపిల్లవాడు కూడా ఈల వేసుకుంటూ పోతాడు. హనుమండ్లు ఒక్కడే, పోయేటప్పుడు ఒకసారి వచ్చేటప్పుడు ఒకసారి, అక్కడ దిగి, బూట్లు విడిచి నడుస్తున్నాడట.

"ఏం హనుమండ్లన్నా," అన్నాడు కొమురెల్లి. "దొర పోయి ఎనిమిదేండ్లాయె. గడిల గబ్బిలాలున్నయి. గబ్బిలాలకు దిగుతున్నవా?"

అందరూ నవ్వారు.

"గబ్బిలాలకు ఎవలు దిగుతరు తమ్మీ," అన్నాడు హనుమండ్లు.

"మరి ఎవలకు దిగుతున్నవు?"

హనుమండ్లు నేల చూశాడు. "పెద్దమనిషి కనవడితె దిగుడు నాకు పాత రోగమాయె."

కొమురెల్లి ముఖంలో నవ్వు పోయింది. "మా బాపు బతికినన్ని దినాలు గా గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. నేను ఆయన కొడుకును. గీ రేసుల సైకిల్ తొక్కేటోడు ఎవ్వడు గూడ గా గడికి దిగద్దు. దిగుడంటె బాంచెతనం. గిది నేను సైసను."

వాడు చెప్పింది తప్పని ఎవరనగలరు? తీర్మానం చేశారు. రాసింది నేనే. "ఇకమీదట సండ్రపల్లె గడి ముందర సైకిల్ దిగినవారి పేరు రేసు పట్టీ నుండి శాశ్వతంగా కొట్టివేయబడును." వచ్చే ఏడు గీత దగ్గర కాకుండా నేను ఆ గడి ఎదుటనే కూర్చుని, దిగినవాళ్ల పేర్లు రాయాలని కూడా నిర్ణయించారు.

హనుమండ్లు చేయి ఎత్తాడు. "సారూ, శాశ్వతంగ అంటె ఎన్నేండ్లు?"

"శాశ్వతంగా అంటే శాశ్వతంగానే."

"అచ్ఛా," అన్నాడు.

రేసు ముందురోజు నేను వాళ్లింటికి వెళ్లాను. గోడ మీద గూడు, గూట్లో ఉప్పు జాడీ. అప్పటికి అతనికి నలభైమూడేళ్లు. ఆ కాళ్లు ఇంకెన్నాళ్లు తొక్కుతాయి? "చూడు, రేపు ఆ ఒక్కచోట దిగకు. కప్పు నీదే, లెక్క నాది," అన్నాను. ఈ మనిషి రేసులో లేకపోతే నేను ఎవరి కోసం సెకన్లు లెక్కపెట్టాలన్నది నా దిగులు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

"చూస్త సారూ," అన్నాడు. సరోజన ఏమీ అనలేదు. నేను ఆమెను ఎరిగినప్పటినుంచీ ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

1958 జనవరి ఇరవయ్యారున, పొద్దున ఏడున్నరకు ముందే నేను సండ్రపల్లె గడి ఎదురుగా దశరథం చాయ్ హోటల్‌లో రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాను. ఎదురుగా పెద్ద దర్వాజ, దానికి నా గుప్పెడంత తాళం. దర్వాజ పక్క అరుగు మీద ఒక ముసలామె చీపురు పట్టుకుని కూర్చుని ఉంది. రోడ్డునే చూస్తోంది.

"ఎవరామె?" అని దశరథాన్ని అడిగాను.

"ఐలవ్వ సారూ. దొర ఉన్నప్పుడు గడిల వెట్టికి ఊడ్చేది. ఇప్పుడు ఎవ్వరు లేకున్న ఊడుస్తనే ఉన్నది." దశరథం గ్లాసు కడుగుతూ చెప్పాడు. "ఒక్కడే కొడుకు, అంతయ్య. మంచిర్యాలల పాత సైకిల్ తెచ్చుకున్నడు. కొత్త ఖుషీ గద, ఎక్కినోడు ఎక్కినట్టె గడి ముంగటికెంచి పోయిండు. దొర మిద్దె మీద కూసున్నడు. కట్టేసి కొట్టిచ్చిండు. వారం దినాలు లేవలే. లేచినంక చాందా దిక్కు పోయిండన్నరు, మళ్ల రాలే. గప్పటిసంది అవ్వకు దినం, తారీఖు తెల్వది. దొర ఇంక మిద్దె మీదనే ఉన్నడనుకుంటది. సైకిల్ కనవడితె సాలు, దిగుమని ఉరుకుతది."

"మరి మీ ఊరివాళ్లు?"

"మేము ఆమె ముంగట సైకిల్ ఎక్కం. ఎనుక బండ్లబాట పట్టుకొని పోతం. మీ రేసు దినమే ఆమెకు పరేషాన్ సారూ. అన్ని సైకిళ్లు ఒక్కపారి వస్తయి, ఒక్కడు ఆగడు. పొద్దుమూకేదాక బువ్వ ముట్టది. పిలగాండ్లను పట్టుకొస్తరు, కొడ్తరు అని గా దర్వాజ దిక్కే సూస్తది. గా దీపాలాయన దిగి నాలుగు మాటలు చెప్పి పోతడు. గప్పుడు జర నిమ్మలమైతది."

నా చాయ్ చల్లారిపోయింది. ఇంతలో మలుపులో గంటలు వినిపించాయి.

మొదట కొమురెల్లి, వాడి వెనక పదిమంది. ఐలవ్వ అరుగు మీదనుంచి లేచింది. రెండు చేతులూ ఎత్తి రోడ్డు మీదికి ఉరికింది. "దిగుండ్రి కొడుకా! దిగుండ్రి! దొర మిద్దె మీద ఉన్నడు!" సైకిళ్ల చప్పుడులో ఆ మాటలు ఎవరికి వినబడతాయి? కొమురెల్లి నవ్వుతూ ఒక చేయి వదిలి ఆమెకేసి ఊపాడు. అప్పుడు నాకు అర్థమైంది. ప్రతి ఏడూ క్లబ్బులో వాడు చెప్పేవాడు, "సండ్రపల్లెల ఒక ముసలవ్వ చేతులెత్తి మనకు జై కొడ్తది" అని. ఏడేళ్లుగా వాళ్లంతా ఆమెకు చేతులు ఊపి పోతున్నారు.

ఆమె వాళ్ల వెనక ఉరికి, ఆయాసపడి, దుమ్ములో కూలబడి తల కొట్టుకుంది. తరువాత ముగ్గురు వచ్చారు, పోయారు. ఆమె మళ్లీ లేచింది, మళ్లీ ఉరికింది.

చివరికి మూడుసార్లు గంట మోగింది. హనుమండ్లు దిగాడు. స్టాండు వేశాడు. బూట్లు విప్పాడు. ఆమెను లేపి అరుగు దాకా నడిపించాడు.

"దిగినవా బిడ్డా?"

"దిగిన అవ్వా."

"గా పోయినోళ్లంత ఎవలు? పానం తీస్తడు గదరా దొర!"

"వాళ్లు మిలట్రోళ్లవ్వా. సర్కారు పని మీద పోతున్నరు. మిలట్రోళ్లను దొర ఏమంటడు? ఆయనే దండం పెడ్తడు."

"నిజంగనా?"

"నీ మీద ఒట్టు."

ఆమె అతని మోకాళ్లు తడిమింది, విరగలేదు కదా అన్నట్టు. "పో బిడ్డా. గా మూల దాటేదాక ఎక్కకు." అతను చేతిలో బూట్లతో సైకిల్ నడిపించుకుంటూ పోయాడు. నా ముందునుంచి పోతూ రిజిస్టరు చూశాడు.

"రాసుకో సారూ," అన్నాడు.

"ముందే చెబితే కొమురెల్లి ఈ తీర్మానమే పెట్టేవాడు కాదు గదా!" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"చెప్తె పిలగాండ్లు ఈమెను చూసి నవ్వుతరు సారూ. నన్ను చూసి నవ్వితె నాదేం పోతది?" తరువాత ఒక అడుగు వెనక్కి వచ్చాడు. "నలభైయారుల నేను బాయి పనికని గీ తొవ్వనే వచ్చిన. అప్పుడు నాకు దిగుడు తెల్వది. గీ అవ్వ ఉరికొచ్చి హాండిల్ పట్టి దింపింది. మీదికి చూస్తె దొర నిలవడి ఉన్నడు. గా పొద్దు దిగకుంటె నాకు గీ మోకాళ్లు లేవు. తొక్కుడు నా అంతల నేను నేర్చుకున్న. దిగుడు ఈమె నేర్పింది."

పేరు రాశాను. చూసింది రాయాలి కాబట్టి రాశాను. ఏడు గంటల ముప్పైనాలుగు నిమిషాలు, హనుమండ్లు. ఆ పేరు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

గంట దాటాక మంచిర్యాల నుంచి సైకిళ్లు తిరిగి వచ్చాయి. ఐలవ్వ మళ్లీ లేచింది. అప్పుడు నేను చేయకూడని పని చేశాను. న్యాయనిర్ణేత పోటీలో కలగజేసుకోరాదని నేను స్వయంగా రాసిన నియమం ఉంది. అయినా రిజిస్టరు చంకలో పెట్టుకుని రోడ్డు మధ్యకు పోయి, రెండు చేతులూ చాచి నిలబడ్డాను. కొమురెల్లి నా మీదికి రాబోయి బ్రేకు కొట్టాడు.

"ఏంది సారూ! పానం మీద తీపి లేదా?"

"కొమురెల్లీ, ఆ అవ్వ నీకు జై కొట్టడం లేదు," అన్నాను. మిగతాది నాలుగు మాటల్లో చెప్పాను.

కొమురెల్లి ఐలవ్వను చూశాడు. ఆమె ఉరికి వస్తోంది. తరువాత గడి మిద్దెను చూశాడు. ఆ చూపులో ఏముందో నేను చెప్పను, వాడి తండ్రి చెప్పుల సంగతి మీకు తెలుసు. ఒక కాలు నేలమీద పెట్టాడు. తరువాత రెండో కాలు. వంగి బూట్లు విప్పాడు.

"దిగినవా కొడుకా?"

"దిగిన అవ్వా."

"బతికినవ్," అంది ఐలవ్వ. వాడి గడ్డం పట్టుకుని మళ్లీ అంది, "బతికినవ్ రా."

వెనక వచ్చిన వాళ్లంతా ఒకరి తరువాత ఒకరు ఆగారు. సంగతి ముందువాడి నుంచి వెనకవాడికి పాకింది. పద్నాలుగు మంది నిక్కర్లు వేసుకున్న బాయి కార్మికులు, చేతుల్లో బూట్లు పట్టుకుని, ఊడదీసిన సైకిళ్లు నడిపించుకుంటూ ఆమె ముందునుంచి నడిచారు. ఆమె ప్రతి హాండిల్ మీదా చేయి వేసి లెక్కపెట్టింది, సాయంత్రం దూడలను కొట్టంలోకి తోలేటప్పుడు లెక్కపెట్టినట్టు. అందరి వెనకా వచ్చిన హనుమండ్లు ఈ ఊరేగింపు చూసి, మూడుసార్లు గంట కొట్టి, తానూ దిగాడు. ఆ పూట ఐలవ్వ పొద్దు నెత్తి మీదికి రాకముందే బువ్వ తిన్నదని దశరథం తరువాత చెప్పాడు.

సాయంత్రం క్లబ్బులో రిజిస్టరు చదివాను. తీర్మానం ప్రకారం గడి ముందర దిగినవాళ్లు పదిహేనుగురు. పదిహేనుగురి పేర్లూ శాశ్వతంగా కొట్టివేయవలసి ఉంది. నియమం తప్పిన న్యాయనిర్ణేతగా నా పేరు కూడా పదహారోదిగా రాసుకున్నాను.

"ఇగ రేసు ఎవలతోని పెడుదం సారూ?" అన్నాడు కొమురెల్లి.

"అది కార్యదర్శి చూసుకోవాలి."

కొమురెల్లి తల గోక్కున్నాడు. పాత తీర్మానం రద్దు చేసి కొత్తది రాయమన్నాడు. ఎవరూ వంకపెట్టడానికి వీల్లేకుండా నేను చాలా జాగ్రత్తగా రాశాను. "సండ్రపల్లె ఐలవ్వ అరుగు మీద ఉండగా, ఆమె ముందర ప్రతి ఒక్కరూ సైకిల్ దిగి నలభై గజాలు నడవవలెను." అందరూ సంతకాలు పెట్టారు. ఆ ఏడాది కప్పు ఎవరికీ ఇవ్వలేదు. క్లబ్బు బీరువాలోనే ఉండిపోయింది.

ఆ వానాకాలంలో ఐలవ్వ పోయింది. నిద్రలోనే పోయిందట. పాడె మోసిన నలుగురిలో హనుమండ్లు ఒకడు, కొమురెల్లి ఒకడు.

1959 రేసు రోజు నేను మళ్లీ గీత దగ్గరే ఉన్నాను. పొద్దున చలి బాగా ఉంది. తొమ్మిది దాటి పది నిమిషాలకు రోడ్డు మీద ఒక సైకిల్ కనిపించింది. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు అన్నీ ఉన్నాయి. నేను గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. బాగానే నడుస్తోంది. బహుశా ఎవరికో దండం పెట్టి మధ్యదారిలోనే వెనక్కి వచ్చేశాడేమో అనుకున్నాను. కానీ అతని చేతిలో మంచిర్యాల సంతకం చీటీ రెపరెపలాడుతోంది.

"హనుమండ్లూ! తొక్కు!" అని అరిచాను. నేను అరవడం కాలనీ అంతా మొదటిసారి విన్నది.

గీతకు ఇంకా పది గజాలుంది. క్లబ్బు ఊడ్చే బుచ్చవ్వ, రేసు సంగతి పట్టని మనిషి, చీపురు పట్టుకుని సరిగ్గా అప్పుడే రోడ్డు మీదికి వచ్చింది.

మూడుసార్లు గంట మోగింది.

"వద్దు!" అన్నాను. "హనుమండ్లూ, వద్దు!"

దిగాడు. స్టాండు వేశాడు. బూట్లు విప్పాడు. మలుపులో కొమురెల్లి కనిపించాడు, వాడి వెనక మిగతావాళ్లు. సరోజన నెత్తిన చేతులు పెట్టుకుంది. "బాగున్నవా బుచ్చవ్వా," అన్నాడు హనుమండ్లు. జవాబు కోసం ఆగలేదు. బూట్లు క్యారియర్‌కు తగిలించి, సైకిల్ నడిపించుకుంటూ వచ్చి గీత దాటాడు. ముప్పైయెనిమిది సెకన్లు. ఊపిరి తీసుకునేలోపు కొమురెల్లి ముందు చక్రం కూడా గీత దాటింది.

కొమురెల్లి సైకిల్ అక్కడే పడేసి నా దగ్గరికి ఉరికి వచ్చాడు. "సారూ, చెల్లది! హనుమండ్లన్న సండ్రపల్లెల దిగలే! మేమంత అవ్వను యాది చేసుకొని బూట్లు ఇడిసి నడుస్తున్నం. గీయన ఎనుక నుంచి వచ్చి, 'జరుగుండ్రి, జరుగుండ్రి' అనుకుంట గంట కొట్టి మా నడుమకెంచి పోయిండు! మేము మంచిర్యాలల మలిగి వచ్చేటప్పుడు గూడ గట్లనే దిగినం. గీయన ఎప్పుడో దాటిపోయిండట!"

అందరూ హనుమండ్లును చూశారు. పదేళ్లుగా నీడ కనిపిస్తే దిగిన మనిషి, అందరూ దిగిన చోట దిగలేదు. నాకూ నమ్మశక్యం కాలేదు.

"ఎందుకు దిగలేదయ్యా?" అని అడిగాను.

హనుమండ్లు నిజంగా ఆశ్చర్యపోయాడు. "అవ్వ లేదు గద సారూ! అరుగు మీద ఎవ్వరు లేరు. ఉన్నది ఉత్త గడి. గడికి నేనెప్పుడు దిగిన?"

కొమురెల్లి నోరు తెరిచాడు. తానూ తనతోపాటు పదముగ్గురూ ఆ పొద్దున రెండుసార్లు, తల వంచుకుని, బూట్లు చేతపట్టుకుని, తాళం వేసిన గడికి దిగి వచ్చారని వాడికి మెల్లగా తెలిసివచ్చింది. మొదట ముఖం ఎర్రబడింది. తరువాత భుజాలు కదిలాయి. తరువాత వాడు రోడ్డు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

నేను నవ్వలేదు. రిజిస్టరు తీసి తీర్మానం గట్టిగా చదివాను. ఐలవ్వ అరుగు మీద ఉండగా అని ఉంది, గడి అన్న మాట ఎక్కడా లేదు. రేసు నియమాల్లో గీతను సైకిల్ దాటాలని ఉంది, ఎక్కి దాటాలని ఎక్కడా లేదు. మొదటి స్థానం హనుమండ్లు, రెండు గంటల పన్నెండు నిమిషాలు అని రాసి సంతకం పెట్టాను.

కప్పు క్యారియర్‌కు కట్టుకుని హనుమండ్లు ఇంటికి బయలుదేరాడు. దారిలో కాలనీ ముసలివాళ్లంతా మంచాలు వేసుకుని కూర్చుని ఉన్నారు. సాధన చేయించిన వాళ్లు కదా, కప్పులో తమకూ వాటా ఉందన్నారు. ప్రతి మంచం దగ్గరా దిగాడు. మోకాళ్ల సంగతి, కాన్పుల సంగతి అన్నీ అడిగాడు. ఆ రోజు నేను గడియారం చూడలేదు. రెండు ఫర్లాంగుల దూరం చేరేసరికి పొద్దు వాలింది. సరోజన గూట్లో ఉప్పు జాడీని ఒక జానెడు పక్కకు జరిపి, కప్పుకు చోటు ఇచ్చింది.